పీఎమ్‌ఐడీలను కోడ్‌లో రాసి పెట్టుకోవచ్చా? పీసీపీ లుకప్ ఫంక్షన్లపై వివరమైన సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ఇరవై దాకా లైనక్స్ సర్వర్ల నుంచి సీపీయూ, మెమరీ, డిస్క్ లెక్కలు తెచ్చుకోవడానికి పర్ఫార్మెన్స్ కో-పైలట్ (పీసీపీ) లైబ్రరీతో సీ భాషలో ఒక చిన్న ప్రోగ్రామ్ రాశారు. పేరు ఇచ్చి నంబరు తెచ్చుకునే పీఎమ్‌లుకప్‌నేమ్‌ను ప్రతిసారీ పిలవడం దండగ అనిపించి, ఒక సర్వర్‌లో వచ్చిన మెట్రిక్‌ల (కొలిచే ఒక్కో లెక్క) నంబర్లనే, అంటే పీఎమ్‌ఐడీలనే, డిస్క్‌ల నంబర్లతో సహా హెడర్ ఫైల్‌లో పెట్టేశారు. ఎక్కువ సర్వర్లలో బాగానే నడుస్తోంది. రెండింటిలో డిస్క్ అంకెలు తప్పు వస్తున్నాయి, ఒకదాంట్లో ప్రాసెస్‌ల లెక్క అసలే రావడం లేదు. ఎక్కడ పొరపాటు, ఇన్ని లుకప్ ఫంక్షన్లు ఎందుకున్నాయి, ఏది ఎప్పుడు వాడాలి అని, మీ కోడ్ కూడా పంపి అడిగారు.

ముందు పని చెబుతాను, కారణం తర్వాత. ఆ హెడర్ ఫైల్‌లోంచి నంబర్లన్నీ తీసేయండి. మెట్రిక్‌ల పేర్లు, మీకు కావలసిన డిస్క్‌ల పేర్లు మాత్రం ఉంచండి. కనెక్షన్ తెరిచాక ఒకసారి పేర్లను నంబర్లుగా మార్చుకోండి, ఆ కనెక్షన్ ఉన్నంతసేపు అవే నంబర్లు వాడుకోండి. కనెక్షన్ తెగి మళ్లీ కలిస్తే మళ్లీ మార్చుకోండి. మీ మూడు సర్వర్ల సమస్యలూ దీంతోనే తీరతాయని నా నమ్మకం. ఫంక్షన్ల పేర్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, మ్యాన్ పేజీ (లైనక్స్‌లో ఉండే సహాయ పత్రం) పక్కన పెట్టుకుని చదివితే ఏది ఏదో వెంటనే పోల్చుకుంటారు.

పీసీపీ 1990లలో సిలికాన్ గ్రాఫిక్స్ కంపెనీలో పుట్టింది. తర్వాత ఓపెన్ సోర్స్ అయ్యింది, ఇప్పుడు రెడ్ హ్యాట్ లైనక్స్‌తో పాటే వస్తుంది. అప్పట్లోనే వాళ్లు ఒక మంచి నిర్ణయం తీసుకున్నారు. ప్రతి మెట్రిక్‌కూ మనిషి చదువుకునే పేరు ఒకటి, మెషీన్ల మధ్య పంపుకోవడానికి 32 బిట్‌ల నంబరు ఒకటి. పేర్లన్నీ చెట్టులా ఉంటాయి. కెర్నల్ ఒక కొమ్మ, దాని కింద ఆల్, దాని కింద లోడ్ ఒక ఆకు. కలిపి రాస్తే కెర్నల్.ఆల్.లోడ్. విలువలు ఆకుల దగ్గరే ఉంటాయి, కొమ్మల దగ్గర ఉండవు. ఈ చెట్టునే పీఎమ్‌ఎన్‌ఎస్ అంటారు. దాన్ని ప్రతి సర్వర్‌లోనూ పీఎమ్‌సీడీ అనే డీమన్ (వెనక ఎప్పుడూ నడుస్తుండే ప్రోగ్రామ్) తన దగ్గర పెట్టుకుని, 44321 పోర్ట్‌లో అడిగినవాళ్లకు చెబుతూ ఉంటుంది.

నంబరు విషయం దగ్గరగా చూడాలి, మీ సమస్యకు మూలం అక్కడే ఉంది. కెర్నల్.ఆల్.లోడ్ నంబరు 60.2.0. మొదటి భాగం 60 డొమైన్, అంటే ఏ ఏజెంట్ (పీఎమ్‌సీడీకి లెక్కలు తెచ్చిచ్చే ప్రోగ్రామ్) దగ్గరికి వెళ్లాలో చెప్పేది. 60 లైనక్స్ ఏజెంట్‌ది. రెండోది క్లస్టర్, ఏజెంట్ లోపల ఒక గుంపు. మూడోది ఐటెమ్, ఆ గుంపులో ఫలానాది. 32 బిట్‌లలో పైన ఒక బిట్ వదిలేస్తే డొమైన్‌కు 9, క్లస్టర్‌కు 12, ఐటెమ్‌కు 10. మీరు ప్రింట్ చేసుకున్నప్పుడు 251660288 అని వచ్చి ఉంటుంది. 60ని 22 స్థానాలు ఎడమకు జరిపి, 2ను 10 స్థానాలు జరిపి కలిపితే వచ్చేది అదే. అలా పెద్ద అంకెగా చూస్తే అది శాశ్వతమైన గుర్తులా కనిపిస్తుంది. 60.2.0 అని చూస్తే మాత్రం ఎవరో ఒక డెవలపర్ తన సౌకర్యం కోసం వేసుకున్న అడ్రస్ అని తెలిసిపోతుంది. డీబగ్ చేసేటప్పుడు ఎప్పుడూ పీఎమ్‌ఐడీఎస్‌టీఆర్ ఫంక్షన్‌తో చుక్కల రూపంలోనే ప్రింట్ చేయండి. థ్రెడ్‌లు వాడుతుంటే చివర అండర్‌స్కోర్ ఆర్ ఉన్న రకం తీసుకోండి, మామూలుది ఒకే బఫర్‌ను అందరికీ తిరిగి ఇస్తుంది.

మా ఊళ్లో ఒక పొలాన్ని అందరూ చింతచెట్టు చేను అంటారు. ఆఫీసు కాగితాల్లో దానికి సర్వే నంబరు. రీసర్వే జరిగాక కాగితాల్లో నంబరు మారింది, చేను అక్కడే ఉంది, చింతచెట్టు చేను అంటే ఇప్పటికీ అందరికీ తెలుసు. పీఎమ్‌ఐడీ ఆ సర్వే నంబరు లాంటిది.

పీసీపీలో ఇలాంటి రీసర్వే నిజంగానే జరిగింది. ఒకప్పుడు ప్రాసెస్‌ల మెట్రిక్‌లు, అంటే ప్రోక్ అని మొదలయ్యేవన్నీ, లైనక్స్ ఏజెంట్‌లోనే ఉండేవి. వాటి డొమైన్ 60. తర్వాత వాటిని విడదీసి ప్రోక్ అనే వేరే ఏజెంట్‌కు ఇచ్చారు, దాని డొమైన్ 3. ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ మెట్రిక్‌లను కూడా అలాగే విడదీసి 11కు పంపారు. పేర్లు అవే, నంబర్లు వేరు. పేరుతో అడిగే ప్రోగ్రామ్‌లు ఆ మార్పును గమనించను కూడా లేదు. పాత ఆర్కైవ్ ఫైళ్లలో (రికార్డ్ చేసి దాచిన లెక్కల్లో) మాత్రం పాత నంబర్లు ఉండిపోయాయి కాబట్టి, వాటిని మార్చడానికి పీఎమ్‌లాగ్‌రీరైట్ అనే పనిముట్టుకు రూల్ ఫైళ్లు రాయాల్సి వచ్చింది. మీ ఒక్క సర్వర్‌లో ప్రాసెస్‌ల లెక్క రావడం లేదన్నారు కదా, అక్కడి పీసీపీ వెర్షన్ మిగతావాటికంటే బాగా పాతదేమో చూడండి.

ఇంకా గట్టి కారణం ఉంది. కొన్ని ఏజెంట్లు నంబర్లను ఏ సర్వర్‌కు ఆ సర్వర్‌లో అప్పటికప్పుడు వేస్తాయి. ఓపెన్‌మెట్రిక్స్ ఏజెంట్ మీ కాన్ఫిగ్ ఫైళ్లకు క్లస్టర్ నంబర్లు కేటాయిస్తుంది. అప్లికేషన్లు తమ లెక్కలను మెమరీ ఫైల్‌లో రాస్తే చదివే ఎమ్‌ఎమ్‌వీ ఏజెంట్ కూడా అంతే. ఇవాళ మీరు వాటి జోలికి వెళ్లకపోవచ్చు, రేపు వెళ్తారు. అప్పుడు రెండు సర్వర్లలో ఒకే పేరుకు ఒకే నంబరు ఉంటుందని అనుకోవడానికి ఏ ఆధారమూ ఉండదు.

ఇక పీఎమ్‌లుకప్‌నేమ్ ఎలా పిలవాలి. దానికి మూడు ఇవ్వాలి: పేర్లు ఎన్ని, పేర్ల జాబితా, నంబర్లు నింపడానికి అదే పొడవున్న ఖాళీ అర్రే. చాలామంది చేసే తప్పు లూప్‌లో ఒక్కో పేరుకూ ఒక్కోసారి పిలవడం. నలభై పేర్లుంటే నలభై సార్లు నెట్‌వర్క్ మీద పోయి రావాలి. నలభై పేర్లూ ఒకే జాబితాగా ఇస్తే ఒకే ప్రయాణం. మీకు "ప్రతిసారీ పిలిస్తే స్లో" అనిపించడానికి కారణం ఇదే అయి ఉంటుంది. ఫంక్షన్ స్లో కాదు, ముక్కలు ముక్కలుగా పిలవడం స్లో.

అది తిరిగి ఇచ్చే విలువను జాగ్రత్తగా చూడాలి. అన్ని పేర్లూ దొరికితే ఆ సంఖ్యే వస్తుంది. సున్నా కంటే తక్కువ వస్తే ఎర్రర్. "తక్కువ కాలేదు కదా" అని మాత్రం ముందుకు పోకండి. వచ్చిన సంఖ్య మీరిచ్చిన సంఖ్యతో సరిపోయిందా అని పోల్చండి. సరిపోకపోతే అర్రే అంతా తిరిగి, ఎక్కడ పీఎమ్_ఐడీ_నల్ (నంబరు లేదనే గుర్తు) ఉందో చూడండి. పేర్ల వరస, నంబర్ల వరస ఎప్పుడూ ఒకటే, కాబట్టి మూడో స్థానంలో నల్ ఉంటే మూడో పేరు దొరకలేదని అర్థం. ఆ పేరును లాగ్‌లో రాసి, మిగతావాటితో పని కొనసాగించండి. ఒక్క పేరు దొరకలేదని ప్రోగ్రామ్ మొత్తం ఆపేయడం మానిటరింగ్‌లో అస్సలు మంచిది కాదు. ఏ సర్వర్ ఇబ్బందిలో ఉందో దాని గురించే మీకు సమాచారం ఆగిపోతుంది.

పేరు దొరకకపోవడానికి కారణాలు నాకు ఎక్కువగా ఎదురైనవి చెబుతాను. స్పెల్లింగ్, పెద్దబడి చిన్నబడి అక్షరాల తేడా మొదటిది. ఆకు పేరు ఇవ్వాల్సిన చోట కొమ్మ పేరు ఇవ్వడం రెండోది: కెర్నల్.ఆల్.సీపీయూ అని ఇస్తే అది కొమ్మ, దాని కింద యూజర్, సిస్, ఐడిల్ వగైరా ఉంటాయి, "ఇది ఆకు కాదు" అనే వేరే ఎర్రర్ వస్తుంది. ఆ సర్వర్‌లో ఆ ఏజెంట్ ఇన్‌స్టాల్ చేయకపోవడం మూడోది, అసలు ఇబ్బందిపెట్టేది. పోస్ట్‌గ్రెస్ ఏజెంట్ లాంటివి ప్యాకేజీ పెట్టినంత మాత్రాన పనిచేయవు. వాటి డైరెక్టరీలోకి వెళ్లి ఇన్‌స్టాల్ స్క్రిప్ట్ నడపాలి, అప్పుడే వాటి పేర్లు చెట్టులో చేరతాయి. ఎర్రర్ ఏదైనా పీఎమ్‌ఎర్‌ఎస్‌టీఆర్‌తో మాటల్లోకి మార్చి లాగ్ చేయండి. మైనస్ పన్నెండు వేల చిల్లర అంకె లాగ్‌లో ఉంటే ఆరు నెలల తర్వాత ఎవరికీ అర్థం కాదు.

దీనికి ఎదురు పరిస్థితి కూడా గుర్తుంచుకోండి. పేరు దొరికినంత మాత్రాన విలువ దొరుకుతుందని లేదు. మామూలు పేర్లు పీఎమ్‌సీడీ దగ్గర ఫైల్‌లోంచి వస్తాయి. ఏజెంట్ పడిపోయినా పేరు, నంబరు దొరుకుతాయి. తర్వాత వివరణ అడిగినప్పుడు "ఈ డొమైన్‌కు ఏజెంట్ లేదు" అని బయటపడుతుంది. అందుకే లుకప్ దశలోనే పేరు, వివరణ రెండూ తెచ్చుకుని, రెండూ వచ్చినవాటినే పనికొచ్చే మెట్రిక్‌ల జాబితాలో పెట్టుకోవాలి.

వివరణ తెచ్చే ఫంక్షన్ పీఎమ్‌లుకప్‌డెస్క్. ఇది వదిలేసేవాళ్లు చాలామంది. మీరూ మీ కోడ్‌లో వాడినట్టు కనిపించలేదు. దయచేసి వాడండి. ఇది నాలుగు సంగతులు చెబుతుంది: విలువ ఏ టైపు, ఏ ఇన్‌స్టెన్స్ డొమైన్ (ఒకే మెట్రిక్‌కు డిస్క్‌కొకటిగా పలు విలువలుంటే ఆ డిస్క్‌ల్లాంటి వాటి గుంపు; పైన చెప్పిన 60 లాంటి డొమైన్ వేరు), అది పెరుగుతూ పోయే కౌంటరా లేక ఆ క్షణపు విలువా, యూనిట్ ఏమిటి. ఒక్క ఉదాహరణ చూడండి. డిస్క్.డెవ్.రీడ్_బైట్స్ అని పేరు. పేరులో బైట్స్ అని ఉంది. మీ సర్వర్‌లో పీఎమ్‌ఇన్ఫో కమాండ్‌కు మైనస్ డీ పెట్టి ఆ పేరు ఇచ్చి చూడండి, యూనిట్ దగ్గర కిలోబైట్ అని ఉంటుంది. పేరు నమ్ముకుని మళ్లీ 1024తో భాగిస్తే మీ గ్రాఫ్ వెయ్యి రెట్లు చిన్నదైపోతుంది. ఎవరికీ అనుమానం కూడా రాదు, ఎందుకంటే గీత ఆకారం సరిగ్గానే ఉంటుంది.

కెర్నల్.ఆల్.సీపీయూ.యూజర్ కూడా ఇలాంటిదే. కొత్తవాళ్లు అది శాతం అనుకుంటారు. అది మెషీన్ బూట్ అయినప్పటి నుంచి అన్ని సీపీయూలూ కలిపి యూజర్ కోడ్ నడిపిన సమయం, మిల్లీసెకన్లలో, కౌంటర్. శాతం కావాలంటే రెండు సార్లు చదివి, తేడాను గడిచిన మిల్లీసెకన్లతోనూ, సీపీయూల సంఖ్యతోనూ భాగించి, నూరుతో గుణించాలి. సీపీయూల సంఖ్యకు హెచ్‌ఐఎన్‌వీ.ఎన్‌సీపీయూ అనే మెట్రిక్ ఉంది, అది కూడా అదే జాబితాలో లుకప్ చేసుకోవచ్చు. డెస్క్‌లో (ఆ వివరణలో) కౌంటర్ అని ఉంటే తేడా తీయాలి, ఇన్‌స్టంట్ అని ఉంటే ఉన్నది ఉన్నట్టు చూపాలి, డిస్‌క్రీట్ అని ఉంటే అరుదుగా మారే విలువ. ఈ నిర్ణయాన్ని మీ కోడ్ డెస్క్ చూసి తీసుకోవాలి, మెట్రిక్ పేరు చూసి మీరు ముందే తీసుకోకూడదు. కొత్త వెర్షన్లలో వివరణలు కూడా గుంపుగా ఒకేసారి తెచ్చే పీఎమ్‌లుకప్‌డెస్క్స్ ఉంది. మీ సర్వర్లన్నింటిలో ఉంటే అదే వాడండి.

ఇప్పుడు డిస్క్ అంకెల సంగతి. దీన్ని నేను స్వయంగా పడిన ఇబ్బందితో చెబుతాను, ఎందుకంటే మీ కోడ్‌లో సరిగ్గా అదే లైన్ కనిపించింది.

చాలా ఏళ్ల క్రితం నేను పనిచేసిన ఒక చోట డేటాబేస్ సర్వర్ల డిస్క్ గ్రాఫులు నా ప్రోగ్రామే గీసేది. డిస్క్.డెవ్.రీడ్‌కు ఒక్కో డిస్క్‌కూ ఒక్కో విలువ వస్తుంది. ప్రతి విలువతో పాటు ఇన్‌స్టెన్స్ నంబరు ఉంటుంది. నా టెస్ట్ మెషీన్‌లో డేటా ఉన్న డిస్క్ ఇన్‌స్టెన్స్ సున్నా. నేను సున్నా అనే రాసేశాను. నెలల తర్వాత కొత్త సర్వర్లు వచ్చాయి. ఒకరోజు రాత్రి సీనియర్ డీబీఏ (డేటాబేస్‌లు చూసుకునేవారు) ఫోన్ చేసి, "నీ గ్రాఫ్ చూస్తే డిస్క్ ఖాళీగా ఉందంటోంది బాబూ, ఇక్కడ క్వెరీలు కదలడం లేదు" అన్నారు. రెండు టెర్మినల్స్ పక్కపక్కన తెరిచాను. ఒకదాంట్లో లైనక్స్ డిస్క్ లెక్కలు చూపే ఐఓస్టాట్, ఇంకోదాంట్లో పీసీపీ విలువలు చూపే పీఎమ్‌వాల్. ఐఓస్టాట్‌లో ఎన్‌వీఎమ్‌ఈ1ఎన్1 వరసలో సెకనుకు రీడ్‌లు వేలల్లో ఉన్నాయి. నా గ్రాఫ్‌లో పదో పన్నెండో. పీఎమ్‌ఇన్ఫోకు మైనస్ ఎఫ్ పెట్టి చూస్తే అప్పుడు కనిపించింది: ఈ సర్వర్‌లో సున్నా అంటే ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న చిన్న డిస్క్, డేటా డిస్క్ నంబరు 2. అన్ని రోజులూ మేం తప్పు డిస్క్‌ను చూసి ధైర్యంగా ఉన్నాం. ఆ రాత్రి ఆ ఫోన్‌లో నా దగ్గర చెప్పుకోవడానికి మాట లేదు.

లైనక్స్ ఏజెంట్ డిస్క్ పేర్లకు నంబర్లు ఇచ్చి, వాటిని ఆ సర్వర్‌లో గుర్తుపెట్టుకుంటుంది. అందుకే ఒకే సర్వర్‌లో చూస్తే నంబరు స్థిరంగా ఉన్నట్టు అనిపిస్తుంది. కానీ ఏ డిస్క్ ముందు కనిపించింది అన్నదాన్ని బట్టి ఒక్కో సర్వర్‌లో ఒక్కో రకంగా ఉంటుంది. కాబట్టి మెట్రిక్ పేరుకు ఏ పద్ధతో ఇన్‌స్టెన్స్‌కూ అదే పద్ధతి. పీఎమ్‌లుకప్‌ఇన్‌డామ్‌కు డెస్క్‌లోంచి వచ్చిన ఇన్‌స్టెన్స్ డొమైన్, డిస్క్ పేరు ఇస్తే నంబరు ఇస్తుంది. నంబరు నుంచి పేరు కావాలంటే పీఎమ్‌నేమ్‌ఇన్‌డామ్. అసలు ఏమేం ఉన్నాయో మొత్తం కావాలంటే పీఎమ్‌గెట్‌ఇన్‌డామ్, ఇది నంబర్ల జాబితా, పేర్ల జాబితా రెండూ ఇస్తుంది. డెస్క్‌లో ఇన్‌స్టెన్స్ డొమైన్ నల్ అని ఉంటే ఆ మెట్రిక్‌కు ఒకే విలువ, ఈ గొడవ లేదు.

విలువలు తెచ్చే పీఎమ్‌ఫెచ్ ఫలితం చదివేటప్పుడు కూడా ఒక మాట. మెట్రిక్‌ల వరస మీరిచ్చిన వరసలోనే ఉంటుంది, దాన్ని నమ్మవచ్చు. ఒక మెట్రిక్ లోపల ఇన్‌స్టెన్స్‌ల వరసను మాత్రం నమ్మకండి. "మొదటి విలువ ఎస్‌డీఏ, రెండోది ఎస్‌డీబీ" అని స్థానాన్ని బట్టి చదవకుండా, ప్రతి విలువలోని ఇన్‌స్టెన్స్ నంబరు మీ లుకప్‌లో వచ్చిన నంబరుతో పోల్చి తీసుకోండి. విలువల సంఖ్య నెగటివ్‌గా ఉంటే అది ఎర్రర్ కోడ్, సున్నా ఉంటే ప్రస్తుతం విలువ లేదని. ఈ రెండూ చూడకుండా మొదటి విలువను చదివితే ప్రోగ్రామ్ అక్కడే కూలిపోవచ్చు.

కెర్నల్.ఆల్.లోడ్‌కు ఇన్‌స్టెన్స్‌లు మూడు: 1, 5, 15. వాటి పేర్లు "1 మినిట్", "5 మినిట్", "15 మినిట్". ఇన్‌స్టెన్స్ పేరులో ఖాళీ ఉండవచ్చు, మొదటి ఖాళీ వరకు ఉన్న భాగం మాత్రం ఆ డొమైన్‌లో ఇంకెవరికీ ఉండకూడదన్నది పీసీపీ నియమం. ప్రాసెస్‌ల విషయంలో పీఐడీయే ఇన్‌స్టెన్స్ నంబరు, పేరులో పీఐడీ తర్వాత కమాండ్ ఉంటుంది. పీఐడీలు మళ్లీ వాడుకలోకి వస్తాయి కాబట్టి, ప్రాసెస్‌ల లెక్కలకు ప్రతిసారీ పేరు కూడా సరిచూడాల్సిందే. వందల ప్రాసెస్‌లలో మీకు రెండే కావాలంటే పీఎమ్‌డెల్‌ప్రొఫైల్‌తో ముందు అన్నీ తీసేసి, పీఎమ్‌యాడ్‌ప్రొఫైల్‌తో కావలసినవి చేర్చండి. నెట్‌వర్క్ మీద బరువు బాగా తగ్గుతుంది.

మీరు తర్వాత ఆర్కైవ్‌లు కూడా చదవాలనుకుంటున్నట్టు రాశారు. అక్కడ ఒక మెలిక ఉంది. ఆర్కైవ్ తెరిచినప్పుడు పీఎమ్‌లుకప్‌ఇన్‌డామ్ జవాబు మీరు ఆర్కైవ్‌లో ఏ సమయం దగ్గర ఉన్నారో దాన్ని బట్టి ఉంటుంది. మధ్యాహ్నం తగిలించిన డిస్క్ గురించి ఉదయం దగ్గర నిలబడి అడిగితే లేదనే చెబుతుంది. మొత్తం ఆర్కైవ్‌లో ఎప్పుడైనా కనిపించిందా అని అడగడానికి వేరే ఫంక్షన్లు ఉన్నాయి: పీఎమ్‌లుకప్‌ఇన్‌డామ్‌ఆర్కైవ్, పీఎమ్‌నేమ్‌ఇన్‌డామ్‌ఆర్కైవ్, పీఎమ్‌గెట్‌ఇన్‌డామ్‌ఆర్కైవ్. రిపోర్ట్ రాసేవాళ్లకు ఇవే కావాలి. ఆర్కైవ్‌లో పేర్ల చెట్టు కూడా ఆ ఫైల్‌లో రికార్డ్ అయిన మెట్రిక్‌ల వరకే ఉంటుంది. లైవ్‌లో దొరికిన పేరు ఆర్కైవ్‌లో దొరకలేదంటే ఆర్కైవ్‌లు రాసే పీఎమ్‌లాగర్ దాన్ని రికార్డ్ చేయలేదని అర్థం, కోడ్‌ను అనుమానించకండి.

చెట్టు మీద తిరగడానికి ఉన్నవి త్వరగా చెబుతాను. పీఎమ్‌గెట్‌చిల్డ్రన్‌కు ఒక కొమ్మ పేరిస్తే దాని పిల్లల పేర్లు ఇస్తుంది, ఖాళీ స్ట్రింగ్ ఇస్తే వేరు దగ్గర మొదలవుతుంది. పిల్లల్లో ఏది ఆకు ఏది కొమ్మ అని కూడా కావాలంటే పీఎమ్‌గెట్‌చిల్డ్రన్‌స్టేటస్. కొమ్మ కింద ఉన్న ఆకులన్నీ కావాలంటే పీఎమ్‌ట్రావర్స్‌పీఎమ్‌ఎన్‌ఎస్‌కు మీ ఫంక్షన్ ఇస్తే ఒక్కో ఆకుకూ దాన్ని పిలుస్తుంది. యూజర్‌కు మెట్రిక్‌ల మెనూ చూపించే స్క్రీన్ రాస్తే ఇవి కావాలి, మీ ప్రోగ్రామ్‌కు ఇప్పుడు అక్కర్లేదు.

నంబరు నుంచి పేరుకు పీఎమ్‌నేమ్‌ఐడీ. ఒకే నంబరుకు చెట్టులో రెండు పేర్లు ఉండే అవకాశం ఉంది. అప్పుడు ఇది వాటిలో ఏదో ఒకటి ఇస్తుంది, అన్నీ కావాలంటే పీఎమ్‌నేమ్‌ఆల్. కాబట్టి పేరు ఇచ్చి, నంబరు తెచ్చుకుని, మళ్లీ పేరుగా మార్చి, అవి రెండూ ఒకటేనా అని సరిచూసే టెస్ట్ రాయకండి. పేరును మీ దగ్గరే దాచుకోండి.

మెమరీ విషయంలో ఒక నియమం గుర్తుంటే చాలు. పీఎమ్‌నేమ్‌ఐడీ, పీఎమ్‌నేమ్‌ఇన్‌డామ్ ఇచ్చే పేరును మీరే ఫ్రీ చేయాలి. పీఎమ్‌గెట్‌ఇన్‌డామ్, పీఎమ్‌గెట్‌చిల్డ్రన్, పీఎమ్‌నేమ్‌ఆల్ ఇచ్చే పేర్ల జాబితా మొత్తం ఒకే ముక్కగా వస్తుంది: పాయింటర్లు, అక్షరాలు కలిపి. కాబట్టి జాబితాను ఒక్కసారి ఫ్రీ చేస్తే సరిపోతుంది. లోపలి ఒక్కో పేరునూ విడివిడిగా ఫ్రీ చేస్తే క్రాష్. మీరు పంపిన కోడ్‌లో ఇన్‌స్టెన్స్ జాబితా దగ్గర లూప్ పెట్టి ఫ్రీ చేస్తున్నారు, అది వెంటనే తీసేయండి.

లుకప్‌ను ఒకసారే చేయమన్నాను కదా, మళ్లీ ఎప్పుడు చేయాలో కూడా స్పష్టంగా చెప్పాలి. పీఎమ్‌సీడీ రీస్టార్ట్ అయితే పీఎమ్‌ఫెచ్ ఎర్రర్ ఇస్తుంది. పీఎమ్‌రీకనెక్ట్‌కాంటెక్స్ట్ పిలవండి, అది విజయవంతమయ్యాక పేర్లు, వివరణలు, ఇన్‌స్టెన్స్‌లు మూడూ మళ్లీ తెచ్చుకోండి. రీస్టార్ట్‌కు కారణం అప్‌గ్రేడ్ అయి ఉండవచ్చు, నంబర్లు మారి ఉండవచ్చు. ఇంకో సూచన చాలామందికి తెలియదు. పీఎమ్‌ఫెచ్ విజయవంతమైనప్పుడు కూడా సున్నా కంటే ఎక్కువ విలువ ఇవ్వవచ్చు. అది ఎర్రర్ కాదు, కబురు. ఏదో ఏజెంట్ చేరింది, పోయింది, రీస్టార్ట్ అయ్యింది అని బిట్‌ల రూపంలో చెబుతుంది. కొత్త వెర్షన్లలో పేర్లు మారాయని చెప్పే బిట్ కూడా ఉంది. అవి కనిపించినప్పుడు లుకప్ మళ్లీ చేస్తే, సర్వర్‌లో ఎవరో కొత్త ఏజెంట్ పెట్టినా మీ ప్రోగ్రామ్ రీస్టార్ట్ అక్కర్లేకుండానే దాన్ని పట్టుకుంటుంది. డిస్క్‌ల్లాంటివి ఏ కబురూ లేకుండా చేరుతుంటాయి. కాబట్టి ఫెచ్‌లో మీకు తెలియని ఇన్‌స్టెన్స్ నంబరు కనిపిస్తే అప్పటికప్పుడు పీఎమ్‌నేమ్‌ఇన్‌డామ్‌తో పేరు అడిగి తెలుసుకోవడం మంచి పద్ధతి.

ఈ సంగతి పీసీపీ ఒక్కదానిదే కాదు. మీ సంస్థలో విండోస్ సర్వర్లు కూడా ఉన్నాయన్నారు కాబట్టి చెబుతున్నాను. అక్కడ ఇలాంటి లెక్కలిచ్చే పీడీహెచ్ లైబ్రరీలో ప్రతి కౌంటర్‌కూ ఒక ఇండెక్స్ ఉంటుంది. ప్రాసెసర్ 238, దాని కింద ప్రాసెసర్ టైమ్ శాతం 6. విండోస్‌తో వచ్చే ఇలాంటి మూల కౌంటర్లకు ఇవి అన్ని చోట్లా ఒకటే. తర్వాత ఇన్‌స్టాల్ చేసిన ప్రోగ్రామ్‌ల కౌంటర్లకు మాత్రం ఇండెక్స్‌లు ఆ మెషీన్‌లో ఇన్‌స్టాల్ సమయంలో పడతాయి, రెండు మెషీన్లలో వేరుగా ఉంటాయి. అక్కడ పేరును నమ్ముకోవడంలోనూ చిక్కుంది: విండోస్ భాషను బట్టి కౌంటర్ పేరు అనువాదమైపోతుంది. జర్మన్ విండోస్‌లో ఇంగ్లీష్ పేరు దొరకదు. అందుకే విస్టా నుంచి పీడీహెచ్‌యాడ్‌ఇంగ్లీష్‌కౌంటర్ అనే ఫంక్షన్ పెట్టారు, మెషీన్ భాష ఏదైనా ఇంగ్లీష్ పేరు తీసుకుంటుంది. అక్కడ ఎప్పుడూ అదే వాడండి.

ఇదంతా చదివి టెన్షన్ పడకండి. మీ ప్రోగ్రామ్ చిన్నది కాబట్టి ఇంకో దారి కూడా చూపిస్తాను. పీసీపీలో ఫెచ్‌గ్రూప్ అనే పై స్థాయి ఫంక్షన్లు ఉన్నాయి. పీఎమ్‌క్రియేట్‌ఫెచ్‌గ్రూప్‌తో మొదలుపెట్టి, పీఎమ్‌ఎక్స్‌టెండ్‌ఫెచ్‌గ్రూప్_ఐటెమ్‌కు మెట్రిక్ పేరు, డిస్క్ పేరు, మీకు కావలసిన యూనిట్ ఇస్తే చాలు. లుకప్, వివరణ, ఇన్‌స్టెన్స్, యూనిట్ మార్పు, కౌంటర్‌ను సెకనుకు ఎంత అని మార్చడం అన్నీ అదే చూసుకుంటుంది. నేను కొత్తగా మొదలుపెట్టే చిన్న పనులకు ఇప్పుడు ఇదే వాడుతున్నాను. ఎన్ని ఇన్‌స్టెన్స్‌లు వస్తాయో ముందే తెలియని చోట, ఆర్కైవ్‌లలో లోతుగా తవ్వాల్సిన చోట మాత్రం కింది స్థాయి ఫంక్షన్లకే వెళ్తాను. పైథాన్ అలవాటుంటే పీసీపీ వారి పీఎమ్‌ఏపీఐ మాడ్యూల్‌లో ఇవే ఫంక్షన్లు ఇవే పేర్లతో ఉన్నాయి. ముందు అందులో రాసి చూసుకుంటే మెమరీ ఫ్రీ చేసే గొడవ లేకుండా విషయం త్వరగా చేతికొస్తుంది.

సీపీయూ శాతం లాంటి లెక్కలు పదేపదే రాయాల్సి వస్తుంటే పీఎమ్‌రిజిస్టర్‌డిరైవ్డ్‌తో ఆ సూత్రానికే ఒక పేరు పెట్టేయవచ్చు. కాంటెక్స్ట్ (కనెక్షన్) తెరవక ముందే రిజిస్టర్ చేయండి. తర్వాత అది మిగతా మెట్రిక్‌ల లాగే పీఎమ్‌లుకప్‌నేమ్‌లో దొరుకుతుంది.

ఇప్పుడు మీ మూడు సర్వర్లలో చేయాల్సింది. డిస్క్ అంకెలు తప్పుగా వస్తున్న రెండింటిలోనూ పీఎమ్‌ఇన్ఫోకు మైనస్ ఎఫ్ పెట్టి డిస్క్.డెవ్.రీడ్ ఇవ్వండి. కోట్స్‌లో కనిపించే డిస్క్ పేరు పక్కన నంబరు చూసి, మీ హెడర్‌లో రాసిన నంబరుతో పోల్చండి. ప్రాసెస్‌లు రాని దాంట్లో మైనస్ ఎమ్ పెట్టి ప్రోక్.ఎన్‌ప్రాక్స్ ఇవ్వండి. పీఎమ్‌ఐడీ 3తో మొదలైతే మీ హెడర్‌లోనిది 60తో మొదలవుతోందేమో, లేదా దానికి తలకిందులుగా ఉందేమో చూడండి. పేరే లేదని వస్తే ఆ సర్వర్‌లో ప్రోక్ ఏజెంట్ నడుస్తోందో లేదో పీసీపీ అనే కమాండ్ కొడితే ఏజెంట్ల జాబితాలో తెలుస్తుంది. ఈ మూడు కమాండ్ల అవుట్‌పుట్ ఇక్కడ పెట్టండి, సర్వర్ పేర్లు తీసేసి పెట్టండి. రేపు సాయంత్రం చూసి, మీ ఫెచ్ లూప్‌లో ఏ లైన్లు మార్చాలో రాస్తాను.